ఏసమ్మ వదిలేసిన కుర్చీ

గజపతినగరం,
ఆదివారం మధ్యాహ్నం.

కృపానిధి బావకి వందనాలు.

మీ చెల్లి ఏసమ్మ ఈవేళ చర్చిలో మోకరించి ప్రార్థన నడిపించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. ఇన్నాళ్లూ మీకు రాయని సంగతి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

తప్పు నాదే. నా మోకాళ్లు అరిగినప్పుడు వ్యాయామం చేసి, ఒళ్లు తగ్గించుకుని బాగుపడ్డాను కదా. దాంతో నేనే డాక్టరుననుకుని ఏసమ్మకీ అదే వైద్యం చేశాను. నా నొప్పి మాత్రలే మింగించాను. పొద్దున్నే గంటసేపు ఆవిడ వేళ్లు ముడవలేకపోయినా, రెండు మోకాళ్లూ వాచినా నాకు బుద్ధి రాలేదు. చివరికి చాపల మీద మోకరించే ఆడవాళ్ల మధ్య ఆవిడకి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ రోజు ఏసమ్మ అన్నం ముట్టలేదు.

"ఇంక పార్దన నేనేటి నడిపిత్తాను? కుర్సీలో కూకుని దేవుడికి ఆడర్లేత్తానా?" అంది.

అప్పుడు విజయనగరం తీసుకెళ్లాను. డాక్టరమ్మది శ్రీకూర్మం. తాబేళ్ల ఊరి మనిషి కాబట్టి కాబోలు, నింపాదిగా చెప్పింది. "మీది అరుగుదల. ఆవిడది కీళ్లవాతం, ఒంటికి కాపలా కాసే శక్తే కీళ్ల మీద పడింది." వారానికొకసారి వేసుకునే మాత్ర రాసి, రక్తపరీక్షలు మానొద్దంది. ఆ మాత్ర పని మొదలుపెట్టడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ తిట్లు తిన్నాను.

ఈవేళ ఆమెన్ అన్నాక ఏసమ్మ ఆ కుర్చీ ఎత్తుకొచ్చి, మగవాళ్ల వైపు నా పక్కన పెట్టింది.

"కూకోండి డాక్టరుగారూ. నాకు దీంతో పని నేదు."

సంఘమంతా నవ్వింది. కూర్చున్నాను బావా, హాయిగానే ఉంది.

మీ చెల్లెలి పెనిమిటి