పీత యంత్రం ఎడమ చెవి

జంగారెడ్డిగూడెం,
18-2-2004.

చెల్లెలు సంపూర్ణకు అన్నయ్య లోవరాజు దీవించి రాయునది. నీ పేరు ముందు 'చి.సౌ.' అని రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. పదహారేళ్ళ అలవాటు మూడు నెలల్లో పోతుందా. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, లావణ్యా, మీ అత్తగారూ తింటున్నారు, పడుకుంటున్నారు అని తెలిస్తే చాలు, అంతకంటే క్షేమం ఇప్పుడు అడగను.

నీ ఉత్తరం సోమవారం అందింది. నువ్వు చెబుతుంటే లావణ్య రాసిందని చూడగానే తెలిసింది. దాని దస్తూరీ అచ్చం బావదే, తండ్రి రాతే వచ్చింది, అక్షరాలన్నీ కుడివైపుకి వాలిపోతాయి.

వదిన మోకాళ్ళ సంగతి అడిగావు. ఏదో నూనె రాసుకుంటోంది. తగ్గిందనే చెబుతుంది గానీ మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతుంది. నువ్వు పంపిన లేసు గుడ్డ టీవీ మీద వేసింది. ఎవరొచ్చినా "మా ఆడపడుచు అల్లిందండి" అని చూపిస్తోంది. నువ్వు మళ్ళీ లేసు పట్టావని తెలిసి నాకు కాస్త ఊపిరాడింది. కళ్ళు జాగ్రత్త. కిటికీ పక్కన కూర్చుని అల్లుకో.

సత్తిరాజు గారి యంత్రం ఇంకా నడుస్తోందా అనడిగావు. లేదమ్మా. ఆయన పామాయిల్ తోటలో పాక వెనకాల టార్పాలిన్ కప్పి పడేశారు. ఎవరూ దాని జోలికి పోవడం లేదు.

ఆ యంత్రం కథ నీకు సగమే తెలుసు. పోయిన శ్రావణంలో రాజుగారు మా వెల్డింగ్ షెడ్డుకొచ్చి, "ఈ మట్టలు ఎత్తలేక కూలీల చేతులు ముళ్ళు గుచ్చుకుని పుండ్లయిపోతున్నాయయ్యా. మన చిన్న ట్రాక్టర్ ముందున్న బొచ్చె మట్టి ఎత్తడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మట్టల్నీ దుంగల్నీ గట్టిగా పట్టుకుని ఎత్తేలా ఏదన్నా చేసిపెట్టు" అన్నారు. నా ఒక్కడి వల్ల కాదండి, మా బావని పిలిపిస్తానన్నాను. పడవ ఇంజన్లు విప్పి బిగించే మనిషి, వాడి బుర్రకి అందనిది లేదని గొప్పగా చెప్పాను. పిలిచింది నేనే.

బావ నరసాపురం నుంచి బస్సు దిగుతూనే బుట్టెడు పీతలు పట్టుకొచ్చాడు. వదిన పులుసు పెట్టబోతుంటే ఒక పీతని లాక్కుని అరుగు మీద కూర్చున్నాడు. "చూడు బావా, దీని డెక్కలో కింది దవడ కదలదు, పైదొక్కటే కదులుద్ది. మనకీ దవడని తోసే సిలిండర్ ఒక్కటి చాలు" అన్నాడు. "పులుసుకని తెచ్చి పాఠాలు చెప్పుకుంటున్నారేంటి, నీళ్ళు మరిగిపోతున్నాయి" అని వదిన కేకలు. ఆ రోజు నుంచి మా షెడ్డులో దాని పేరు పీతే.

రెండు నెలలు పట్టింది. ముందు టీవీ అట్టపెట్టె కోసి వేళ్ళ ఆకారం గీశాడు. పాత లారీ చాసిస్ ఇనుముతో వేళ్ళు చేశాం. పాడైన టిప్పర్ నుంచి సిలిండర్ పీకి రబ్బర్లు మార్చాం. మొదటిసారి మూస్తే పై దవడ పక్కకి వంకరపోయింది. "పీతకి పక్షవాతం వచ్చింది బావా" అని నవ్వి మళ్ళీ అంతా ఊడదీశాడు. అన్నం తినమంటే వచ్చేవాడు కాదు. నువ్వు ఫోన్ చేసి తిడితేగానీ కదిలేవాడు కాదు.

ఇక లావణ్య సంగతి. నువ్వు చెప్పిందంతా రాశాక, ఉత్తరం అడుగున నీకు చెప్పకుండా రెండు ముక్కలు సొంతంగా రాసింది. "మామయ్యా, నాన్న దుంగ కిందకి ఎందుకు వెళ్ళాడు? మేమిద్దరం గుర్తుకు రాలేదా? నేను ఆయన ఫోటోకి దండ వెయ్యడం లేదు" అని ఉంది. దాన్ని కోప్పడకు. ఆ రెండు ముక్కలు మూడు రోజులుగా నన్ను షెడ్డులో కూర్చోనివ్వలేదు.

అమ్మా లావణ్యా, ఈ ఉత్తరం మీ అమ్మకి నువ్వే చదివి వినిపిస్తున్నావని తెలుసు. ఇక్కడినుంచి నెమ్మదిగా చదువు. మధ్యలో ఆపొద్దు.

పై దవడ ఊగే పెద్ద పిన్ను పట్టుకోవడానికి అటొకటీ ఇటొకటీ ఇనుప చెవులుంటాయి. చెవి కదలకుండా ముందు నాలుగు చోట్ల వెల్డింగ్ చుక్కలు పెడతాం. ఆ తర్వాత చుట్టూ నిండుగా వేస్తేనే బరువు మోస్తుంది. మీ నాన్న దసరాకి మిమ్మల్ని తీసుకురావడానికి ముందురోజు నరసాపురం బయల్దేరుతూ, "కుడి చెవి అయిపోయింది బావా, ఎడమది నువ్వు పూర్తి చేసెయ్" అని చెప్పి వెళ్ళాడు. ఆ రోజంతా కరెంటు లేదు. పండగ పొద్దున్న తొమ్మిదీ నలభైకి ముహూర్తం. రాజుగారు బంధువులందరినీ తీసుకొస్తున్నారు. నేను ఆ నాలుగు చుక్కల మీదే పసుపు రంగు పెయింటు కొట్టేశాను. పూజయ్యాక చూసుకుందాంలే అనుకున్నాను.

మీరు బస్టాండు నుంచి నేరుగా పూజకే వచ్చారు. సంపూర్ణా, పీతకి పసుపు రాసింది నువ్వే. ఆ ఎడమ చెవి మీద మూడు కుంకుమ బొట్లు పెట్టావు. అందులో నీ తప్పేమీ లేదు. పెయింటు కింద ఏముందో నాకొక్కడికే తెలుసు.

పూజ కాగానే బావ అడిగాడు, "ఎడమ చెవి పూర్తయిందా?" అని. పక్కనే రాజుగారూ, వాళ్ళ బంధువులూ. పూజ చేసిన దాని మీద బొట్టు గీకి, మళ్ళీ మెషిన్ పట్టుకుంటే నలుగురిలో ఏం బావుంటుంది అనిపించింది. "అయిపోయింది" అన్నాను. నా మాట మీద నమ్మకం కాబట్టి వంగి చూడలేదు. చూసుంటే ఒక్క క్షణంలో కనిపెట్టేవాడు.

మర్నాడే ట్రాక్టర్ తోటకి పోయింది, పని కుదురుకునేదాకా దగ్గరుండి చూస్తానని బావ కూడా ఆగిపోయాడు. ఒక వారం మట్టలు ఎత్తింది, ఏం కాలేదు. ఇంకో వారం గడిచింది, ఏం కాలేదు. ఆ చుక్కలే చాలినట్టున్నాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కార్తీకంలో గాలికి పడిన చెట్టు మొద్దు ఎత్తినప్పుడు ఆ ఎడమ చెవే ఊడింది. దవడ మెలితిరిగి మొద్దు ఎడమవైపుకి జారి దొర్లింది.

లావణ్యా, మీ నాన్న దుంగ కిందకి వెళ్ళలేదు. ఎప్పుడూ నిలబడేచోటే, ఎడమపక్క పది అడుగుల దూరంలో నిలబడి, చెయ్యి ఊపుతూ డ్రైవర్‌కి దారి చూపిస్తున్నాడు. ఆయన లెక్క తప్పలేదు, మొద్దే దొర్లుకుంటూ ఆయన మీదకొచ్చింది. పోలీసులొచ్చి అడిగితే "తొందరపడి కిందకి వెళ్ళాడండి" అని చెప్పింది నేను. వాళ్ళు అదే రాసుకున్నారు. దినకార్యాల్లో "వాడికెప్పుడూ తొందరే" అని మీ నాయనమ్మ గుండె బాదుకుంటుంటే, పక్కనే కూర్చుని నోరు విప్పలేదు. చనిపోయినవాడి మీద నా తప్పు వేశాను.

మొన్న రాజుగారితో మొత్తం చెప్పేశాను. "పోయినోడు తిరిగొస్తాడా లోవరాజూ. ఆ అమ్మాయికి మిగిలింది అన్నయ్యొక్కడే. ఆ తోడు కూడా లేకుండా చేస్తావా?" అన్నారు. ఆ మాట పట్టుకుని ఉండిపోదామని నాకూ ఆశగానే ఉంది, దాచుకోను. కానీ దండ లేని బావ ఫోటో కళ్ళముందు ఆడుతోంది.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అట్నుంచి అటే స్టేషన్‌కి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెబుతాను. ఊడిన ఆ చెవి నా దగ్గరే ఉంది, అది కూడా పట్టుకెళ్తున్నాను. వదినకి పొద్దున్నే చెప్పాను. ఏడ్చింది, తర్వాత చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

సంపూర్ణా, నన్ను క్షమించమని అడగను. మీ అత్తగారికి మాత్రం ఈ ఉత్తరం చదివించి వినిపించు. కొడుకు తొందరపాటు మనిషి కాదని ఆవిడకి తెలియాలి.

లావణ్యా, ఇవాళ మీ నాన్నకి దండ వెయ్యమ్మా. ఆ కోపం నాది, నాకు ఇచ్చెయ్. రేపు నీ పెళ్ళిలో నిన్ను బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి ఎత్తుకురావాల్సింది మేనమామ. ఈ చేతులు వద్దనుకుంటే చెప్పు. వేరెవరైనా ఎత్తుకుంటారు, నేను దూరంగా, పది అడుగుల అవతల నిలబడతాను.

ఇట్లు,
మీ అన్నయ్య, నీ మేనమామ,
లోవరాజు.