చింతపండుతో తోమిన తూకపురాయి

నళిని ఆంటీకి,

నమస్తే. మ్యూజియం రిపోర్ట్ ఇంగ్లిష్‌లో విడిగా పెట్టాను. అందులో 'మైల్డ్ ఆసిడ్‌తో క్లీన్ చేశాం' అని ఉంటుంది. ఆ ఆసిడ్ చింతపండు. చేసింది నేనొక్కదాన్నే.

ప్రాచీన గ్రీకుల సీసపు తూకపురాయి మీద తెల్లటి పొర కమ్మి అక్షరాలు కనబడలేదు. మోరిస్‌విల్ గుడిలో మీరూ నేనూ ఇత్తడి దీపాలు తోమినట్టే తోమేశాను. పొరతో పాటు సీసమూ పోయింది. తూచి చూస్తే నాలుగు గ్రాములు తగ్గింది. ఇంకా ఎవరూ గమనించలేదు. "సోమవారం అద్దాల పెట్టెలో పెట్టేస్తారు, ఇక దాన్ని తూచేదెవరు?" అన్నాడు నాతో పనిచేసే అక్షయ్.

పాత రికార్డు ప్రకారం ఆ రాయి మీద ఉన్నది అప్పటి బజారు అధికారి పేరు. తూకం సరైనదేనని ఆయన పూచీ. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన ఆ పేరులో ఇప్పుడు రెండక్షరాలే మిగిలాయి.

ఈ క్యాంపస్ మ్యూజియం ఉద్యోగం మీరు చెప్తే వచ్చింది. దాన్ని కాపాడమని అడగడం లేదు. మీరు చూసే మ్యూజియం రికార్డులో కొత్త బరువు ఎక్కించి, పక్కన నా పేరు రాయండి. నాలుగు గ్రాములు ఏమయ్యాయని రేపెవరైనా అడిగితే, జవాబు చెప్పాల్సిన మనిషి పేరు అక్కడ ఉండాలి.

మీ దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి