అన్న కార్డు

2007 జూన్ 10

టీవీలో మా హీరో కొత్త యాడ్ వచ్చింది. మేమంతా అన్న అని పిలుచుకునే మనిషి, సూటు వేసుకుని, క్రెడిట్ కార్డు వేళ్ల మధ్య పట్టుకుని నవ్వుతుంటే ఒళ్లు పులకరించింది. అవతలి హీరో ఇంకో బ్యాంకు కార్డుకు చేశాడట. జూలూరుపాడు మండలంలో వాళ్ల కార్డు ఒక్కటి కూడా కనబడకూడదు. అభిమాన సంఘం ప్రెసిడెంటుగా నా జిరాక్స్ షాపులోనే అర్జెంటు మీటింగ్ పెట్టాను.

జూన్ 24

ఖమ్మం నుంచి ఆ కార్డు ఏజెంటును పిలిపించాను. నెల జీతం ఉన్నవాళ్లకే ఇస్తారట. మా సంఘంలో అలాంటివాళ్లు ఎందరని! మొదటి సంతకం కోటేష్ పెట్టాడు. తండా కుర్రాడు, సత్తుపల్లి బొగ్గు గనిలో టిప్పర్ డ్రైవరు, నా కుడి భుజం. మళ్లీ కట్టాలి గదా అని వాడి భార్య గోరి అడిగిందట. కార్డు అన్నదే గదనే, ఆయనే చూస్కుంటడు అన్నాడట. అది విని అందరం చప్పట్లు కొట్టాం.

అక్టోబర్ 12

అన్న సినిమా రిలీజ్! కోటేష్ కార్డు మీద డబ్బు తీసి కటౌట్ పెట్టించాడు. థియేటర్ కంటే ఎత్తు. పాలాభిషేకం కూడా వాడిదే.

2008 ఫిబ్రవరి 18

గనిలో కాంట్రాక్టరు మారాడు. కోటేష్ పని పోయింది. కార్డు బాకీ కట్టడం ఆగిపోయింది.

మార్చి 20

బాకీ వసూలుకు బ్యాంకు రికవరీ వాళ్లు తండాకు వచ్చారు. కోటేష్ గుమ్మం ముందే మంచం వాల్చుకుని కూర్చుని, నీ మొగుడు దొంగ అని గోరి మీద తండా అంతా వినేట్టు అరిచారట. కోటేష్ ఇల్లు వదిలి వెళ్లిపోయాడు.

మార్చి 27, ఉదయం 6

షాపుకు కోటేష్ ఫోన్. ఎక్కడున్నాడో చెప్పలేదు. గిదంతా అన్నకు తెల్వదు రాందాసన్నా, తెలిస్తే ఒక్క ఫోన్ కొట్టి బంద్ పెట్టిస్తడు, నువ్వు వోయి చెప్పు అని ఏడ్చాడు. ఆయన పొమ్మంటేనే ఇంటికొస్తా, లేకుంటే గోదాట్ల పడి సస్తా అని పెట్టేశాడు.

యాడ్‌లో చేసినంత మాత్రాన కార్డు హీరోది కాదని వాడికి ఎలా చెప్పను? నాకే ఇప్పుడిప్పుడు అర్థమవుతోంది. భయంగా ఉంది.

మార్చి 29

భద్రాచలంలో, గోదావరి ఒడ్డున అన్న షూటింగట! గోరిని తీసుకెళ్తాను.

ఏప్రిల్ 1, సాయంత్రం 5

పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డాం. గోరి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను ఒకటే మాట బట్టీ పట్టాను. సార్, మా కోటేష్‌ని కాపాడండి.

అన్న వ్యాన్ దిగి మా వైపే వచ్చాడు. చెయ్యి చాస్తే అందేంత దూరం. నన్నే చూసి, చెప్పు తమ్ముడూ అన్నాడు.

నోరు తెరిచాను. జై అని అరిచాను.

ఎందుకు అరిచానో తెలియదు. ఇన్నేళ్లుగా ఆయన్ను చూస్తే గొంతు అదే పని చేసింది, ఇవాళా అదే చేసింది. వెనక జనం అందుకున్నారు. గోరి ఏదో మొత్తుకుంది, ఎవరికీ వినబడలేదు. ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

బస్సులో గోరి నా పక్క సీటు వదిలి, వెనక్కి వెళ్లి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 2

రికవరీ వాళ్లు మళ్లీ తండాలో దిగారు. కోటేష్ దొరికేదాకా కదలరట.

ఏప్రిల్ 3

కోటేష్ ఫోన్. అన్నకు చెప్పినవా అన్నాడు. చెప్పాను అన్నాను. ఏమన్నడు అన్నాడు. ఇంటికి పొమ్మన్నాడు అన్నాను.

వాడు నవ్వాడు. రేపు మొదటి బస్సుకు వస్తున్నాడు.