అమ్మ పలకని పేరు

గురువారం, 14 మార్చి 1996

అమ్మ ఎన్నడూ తన మామ, అంటే మా తాత పేరు నోటితోని అనలే. మా దిక్కు కోడండ్లు అనరు. నాయన నా చిన్నప్పుడే పోయిండు. తాత పేరు పాత భూమి బుక్కే చెప్తదిలే అని ఇయ్యాల డ్యూటీకి సెలవు పెట్టి హైదరాబాద్‌ల పాత రికార్డుల ఆఫీసుకు పోయిన. ఉర్దూ చదివే ముసలాయన మా ఊరు గడ్డపోతారం భూముల లెక్క, పహాణీ బుక్కు తెరిచి, "మీ తాత పేరేంది?" అన్నడు. నాకు తెల్వదంటే, పేరు లేకుంటే ఎట్ల ఎతకాలె అని బుక్కు మూసిండు. ఎంత పిచ్చోణ్ని నేను! తాత దున్నిన చెల్క మీద మందుల కంపెనీ లేచింది. ఇగ మాకు మిగిలేది ఆ పేరొక్కటే.

ఇంటికొచ్చి అమ్మ మీద అర్సిన. "గీ ఒక్కసారి చెప్పవే!"

అమ్మ చేతిల చాట కింద పెట్టింది.

"చెప్దామనే సూస్తున్న బిడ్డా. పలకక పలకక మర్సిపోయిన."