డ్రమ్ములో పోసిన తంగేడు గింజ

గోపాల్‌పేట,
జూన్ 20, 2006

ప్రియమైన సుగుణక్కకు,

వాన ఒకసారి పడి మొహం చాటేసింది. నేను బాగానే ఉన్నాను, అంటే తింటున్నాను, పడుకుంటున్నాను.

మా మహిళా సంఘం నర్సరీలో పని మానేసి పెబ్బేరుకు, నీ దగ్గరికే వచ్చేద్దామనుకుంటున్నాను. కారణం ఇంకెవరి నోటో వినేకంటే నేనే చెప్పడం నయం. బోడిగుట్ట మీద నాటడానికి తంగేడు మొక్కలు పెంచుతున్నాం కదా. ఎండాకాలం మొదట్లో అందరూ కాయలు తెచ్చి గింజ తీశారు. భర్త పోయినదాని చెయ్యి విత్తనానికి తగలకూడదనే పట్టింపు నీకు తెలిసిందే. ఆరబోస్తే ఎక్కడ ముట్టుకుంటానోనని సంఘం పెద్ద జోగులమ్మ గింజను అప్పటికప్పుడే ప్లాస్టిక్ డ్రమ్ములో పోయించి, మూత బిగించి, రేకుల షెడ్డులో పెట్టి తాళం వేసింది.

తీరా విత్తే వేళకు మనుషులు చాలక నన్నూ పిలిచారు. అందరితోపాటు నేనూ మట్టి సంచుల్లో గింజలు పెట్టాను. ఒక్కటీ మొలవలేదు. "గామె చెయ్యి వడ్డది, ఇంకేం మొలుస్తది" అంది జోగులమ్మ. మిగతావాళ్ళూ తలలూపారు. అక్కా, ఆయన పోయినప్పుడు ఏడ్చాను గానీ ఇంత సిగ్గుపడలేదు. వాళ్ళన్నది నిజమేనేమో అని నాకే అనిపిస్తోంది, బాధంతా అదే.

బావతో చెప్పి నాకో మూల ఖాళీ చేయించు.

నీ చెల్లెలు
విజయ

గోపాల్‌పేట,
జూలై 18, 2006

అక్కా,

ఆ మూలలో జొన్న బస్తాలే పెట్టుకో. నేను రావడం లేదు.

మా పక్కింటి మెహబూబీ కూడా సంఘంలో మనిషే. డ్రమ్ములో పట్టని గింజను అప్పట్లో ఆమె ఇంటికి తీసుకుపోయింది. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, కుండలో పోసి మట్టింట్లో చల్లగా ఉంచింది. నేను ఊరు విడుస్తానని తెలిసి ఆ కుండ తెచ్చి నా ముందు పెట్టింది. "ఊకె పరేషాన్ గాకు. నువ్వే పెట్టు, సూద్దాం" అంది. పక్క వరుసలో డ్రమ్ములో మిగిలిన గింజను జోగులమ్మ చేతనే పెట్టించింది. పిల్లల తల్లి, ముత్తైదువ, ఇంకేం కావాలి!

నా వరుస మొలిచింది. ఆమె వరుస ఉత్త మట్టి. తవ్వి చూస్తే గింజలు బూజుపట్టి వేళ్ళ మధ్య నలిగిపోయాయి. పచ్చి ఆరని గింజ గాలాడక, రేకుల వేడికి డ్రమ్ములోనే చచ్చిపోయింది. నా నుంచి కాపాడుదామనే అంత గట్టిగా మూత బిగించారు.

మర్నాడు పొద్దున్నే జోగులమ్మ వచ్చింది. "నీ చెయ్యి మంచిదే విజయా. మా కంది చేన్ల తొలి గింజ నువ్వే పెట్టాలె" అంది. అబద్ధమెందుకు, సంతోషమేసింది. వెంటనే భయమూ వేసింది. రేపు వాన తప్పి కంది ఎండితే ఇదే చెయ్యి మళ్ళీ చెడ్డదవుతుంది.

"నా చెయ్యి చెడ్డదీ గాదు, మంచిదీ గాదు పెద్దమ్మా. గింజ ఎండిందా లేదా అది సూడు" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం వాళ్ళ కోడలు చేటలో కందులు తెచ్చింది. తొలి గింజ పెట్టమని కాదు. "ఎండినయా లేదా జర సూడమన్నది మా అత్త" అంది. ఒక గింజ తీసి కొరికి చూశాను. ఇంకో రోజు ఎండ కావాలని చెప్పి పంపాను.

ఇట్లు
విజయ