ఇంగ్లీషులోకి పోయిన పందికొక్కు

ఆదివారం, రాత్రి

నాంపల్లి ఇంగ్లీషు క్లాసులో తన మాట విని తోటివాళ్లు నవ్వారని లత మొన్నటి నుంచి "ఇగ నేను పోను నాయినా" అంటోంది. పొద్దున ఆబిడ్స్‌కు తీసుకెళ్లాను. మూసిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాల్లో ఒక డిక్షనరీ తిరగేస్తూ గట్టిగా నవ్వింది.

"నాయినా, బాండికూట్ అంటే మన పందికొక్కేనంట. తెలుగు నుంచే పోయిందంట!"

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నమ్మలేదు. ఊళ్లో పందికొక్కుల బొరియలు తవ్వి, అవి ఎత్తుకుపోయిన వడ్లను చేటలోకి తిరిగి ఎత్తిన మనిషి.

"మన వడ్ల గుమ్మి గుల్ల చేసింది సాలదని గాడ గూడ జొచ్చిందా?" అంది.

"రేపు క్లాసుల గిదే చెప్తా నానమ్మా. నువ్వు బొరియ తవ్విన ముచ్చట గూడ."

"ఇంగ్లీషులనేనా?"

"ఔ, ఇంగ్లీషులనే."

వాళ్లు మళ్లీ నవ్వితే ఎట్లా అని నాకే గుబులుగా ఉంది. లత మాత్రం గోడవైపు తిరిగి ఆ ముచ్చటనే ఇంగ్లీషులో గొణుక్కుంటోంది. ఇందాక చేట అనాల్సిన చోట ఆగిపోయింది, ఇంగ్లీషు మాట దొరకలేదట.

"చేట అనే చెప్పు బిడ్డా, వాళ్లే నేర్చుకుంటరు" అన్నాను.