మనిషికి ఎనిమిది ప్యానెళ్లు

ఈ ఆదివారం పొగ పొలం మీద నుంచి లేవలేదు. బాగా పొద్దెక్కాక సూర్యుడు కనిపించాడు, మసిబట్టిన రాగి పళ్లెంలా. చలి ముదిరేలోపు గోంగూర ఆఖరి కోత కోయించి, కట్టలు ఆర్.కె. పురం వెళ్లే వ్యాను ఎక్కించాను. డీజిల్ జనరేటరు వేసి మెంతికూర మడులకు నీళ్లు పెట్టాను. చేతులు కడుక్కుని ఇది రాస్తున్నాను.

నేను మాణిక్యాంబను, కీర్తిశేషులు పెద్దిరాజు భార్యను, వయసు డెబ్భై ఒకటి. ఫరీదాబాద్ దాటాక యమున ఒడ్డున మా మూడెకరాల తోటలోనే ఉంటాను. మతి స్థిమితంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. కోపం ఉంది. కోపం మతిభ్రమణ కిందికి రాదని వకీలు చెప్పాడు.

1. ఫ్యాక్టరీలో లేతు పని నుంచి రిటైరయ్యాక నా భర్త ఇరవై నాలుగు సోలార్ ప్యానెళ్లు కొన్నాడు. ఏమీ పండని చవిటి మూలలో స్టాండ్లు తనే కోసి నిలబెట్టాడు. ఒక్క ఎండాకాలం బోరు చప్పుడు లేకుండా నీళ్లు పోసింది. తరువాత ఈ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. పొలంలో ఒక మనిషి పేరున ఎనిమిది ప్యానెళ్లకు మించి ఉంటే, సరిహద్దు భూముల రికార్డులో పేరున్న ప్రతివారూ సమ్మతి సంతకం పెట్టాలి. మా సరిహద్దు ఉమ్మడి ఖాతాలో సగం పేర్లు చచ్చిపోయినవాళ్లవి. భూముల రికార్డు చూసే పట్వారీని అడిగితే "నామ్ హై తో సైన్ భీ చాహియే, అమ్మాజీ" అన్నాడు, పేరుంటే సంతకమూ కావాలట. బతికున్నవాళ్లలో ఇటుక బట్టీ యజమాని, ప్యానెళ్ల తళుకుకు తన గేదెలు బెదురుతాయని అభ్యంతరం రాశాడు. అతని బట్టీ పొగకు మా సంతకం ఎవరూ అడగలేదు.

ఎనిమిదితో మోటారు గుర్రుమంటుంది గానీ నీరు ఎక్కదు. నా భర్త తనే బోల్టులు విప్పి, నూనె రాసి, ప్యానెళ్లు గోనెల్లో చుట్టి షెడ్డులో పెట్టాడు. మరుసటి వానల్లో పోయాడు. చట్టం వల్ల పోయాడని అనను. గుండె వల్ల పోయాడు.

2. పొలం అమ్మి గానీ, దానమిచ్చి గానీ పేర్లు విడగొడితే ఆ చట్టం ఒప్పుకోదు. వారసత్వానికీ వీలునామాకూ మాత్రం మినహాయింపు ఉంది. రాసినవాళ్లకూ పొలాలున్నాయి, కొడుకులున్నారు. ఆ చట్టం రాసిన కమిటీలో మా మరిది జనార్దనరావు కూడా కూర్చున్నాడు. మా ఇంట్లో గోంగూర పచ్చడి మారు వడ్డించుకుంటూ "చట్టం అందరికీ ఒకటే గదా వదినా" అన్నాడు. అందుచేత నేను బతికుండగా ఆ ప్యానెళ్లు మళ్లీ స్టాండ్లు ఎక్కవు. పోయాక ఎక్కుతాయి. పొలాన్ని మూడు చెక్కలు చేస్తున్నాను. ముగ్గురి కరెంటూ ఒకే బోరుకు కలపడానికి అడ్డు లేదు. వకీలు రెండుసార్లు చూశాడు.

3. ఇల్లున్న తూర్పు చెక్క, ఎనిమిది ప్యానెళ్లు నా కూతురు కావేరికి. "ఛోడో నా మమ్మీ, డీజిల్ కా పైసా మైఁ దే దూఁగీ" అని, ఈ గొడవ వదిలెయ్యి, డీజిల్ డబ్బు నేనిస్తానని అది ఎన్నోసార్లు అంది. డీజిల్ డబ్బు నా దగ్గరా ఉంది. వాళ్ల నాన్న పానాల పెట్టె కూడా దానికే. చిన్నప్పుడు ఆయన నంబరు చెబితే సరైన పానా అందించేది. ఈ వీలునామా అమలు బాధ్యత కావేరిది.

4. నడిమి చెక్క, ఎనిమిది ప్యానెళ్లు నా కొడుకు శ్రీహర్షకు. ప్యానెళ్లను పాత సామాన్లు కొనేవాళ్లకు అమ్మేయమన్నది వాడే. అమ్మిన రోజున వాడి చెక్క అక్కదవుతుంది.

5. బోరున్న పడమటి చెక్క, మిగిలిన ఎనిమిది ఇంద్రజకు. ఆమె మాకు చుట్టం కాదు. ఢిల్లీలో కటవారియా సరాయ్ గదిలో ఉండి సివిల్స్ రాసి, ఒక ఏడు ఇక చాలనుకుని, కూర కొనడానికి వచ్చి కట్టలు కట్టడానికి ఉండిపోయింది. గోంగూర విత్తనాల డబ్బా ఆమెకే. ప్యానెళ్ల దుమ్ము తుడవడానికి నా పాత నేతచీరలు చింపుకోవచ్చు. మంచివి చింపవద్దు.

6. డీజిల్ జనరేటరు మరిది జనార్దనరావుకు. నడిచే స్థితిలోనే ఉంది. ఊరి మీద పొగ ముదిరితే దీన్ని ఆపమంటారు, పొగ రానిది పెడతామంటే సంతకాలు తెమ్మంటారు. ఆ రెండూ ఎలా పొసుగుతాయో ఆయన దాని పక్కన కూర్చుని ఆలోచించుకోవచ్చు. జనరేటరుకు పొరుగువాళ్ల సమ్మతి అక్కర్లేదని ఆయనకు తెలుసు.

7. పన్నెండో రోజు భోజనాల కంటే ముందు పట్వారీ దగ్గర పేర్ల మార్పిడికి అర్జీ పెట్టండి. లేదంటే ఆ రికార్డులో నేనూ ఇంకొకరికి అడ్డుపడే చచ్చిన పేరునవుతాను.

తేదీ: 16 నవంబరు 2025
(సంతకం) మాణిక్యాంబ

సాక్షులు:
వెంకటసుబ్బయ్య, వ్యాను డ్రైవరు
భానుశ్రీ, ఆర్.కె. పురం

సాక్షుల సంతకాలయ్యాక చేర్చినది: జనార్దనరావు భోజనానికి వచ్చాడు. కాగితం అడిగి ఆరో అంశం దాకా చదివాడు. కంచంలో చెయ్యి పెట్టకుండా రెండు గంటలకు వెళ్లిపోయాడు.